నీళ్ల వేడి చూశావా మామా?

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? అంకుల్‌గారి కంటి ఆపరేషన్ బాగా జరిగిందని మొన్న ఆంటీ ఫోన్‌లో చెప్పారు. వినగానే ప్రాణం కుదుటపడింది. ఇక్కడ బెజవాడలో ఎండలు మండిపోతున్నాయి. రాత్రి పదింటికి కూడా నా గదిలో 36 డిగ్రీలుంటోంది.

నీ మెసేజ్ చూశాను. అంత డబ్బు పోసి వాటర్ కూలింగ్ పెట్టుకుంటే ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తోందని, నిద్ర పట్టడం లేదని రాశావు. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ టెన్షన్ తగ్గించుకో. నీది రైజెన్ 9 7950ఎక్స్ ప్రాసెసర్ కదా. పూర్తి లోడ్ పడితే 95 దాకా వెళ్లి అక్కడే నిలబడి పనిచేసేలా ఏఎమ్‌డీ కంపెనీ వాళ్లే దాన్ని తయారుచేశారు. కూలింగ్ బాగుంటే ఆ 95 దగ్గరే ఇంకాస్త వేగంగా పరిగెడుతుంది. కాబట్టి ఆ ఒక్క అంకె పట్టుకుని నీ లూప్, అంటే పంపు, ట్యూబులు, రేడియేటర్ గుండా నీళ్లు తిరిగే దారి, మంచిదో చెడ్డదో తేల్చలేం. అది తెలిసేది నీళ్ల వేడిని బట్టి. నువ్వు రాసిన నాలుగు పేరాల్లో నీళ్ల ఊసే లేదురా!

నాకు ఈ సంగతి పోయిన మేలో తెలిసొచ్చింది. ఒక ఆదివారం దుమ్ము దులిపి, పెట్టె మూసి, కంప్యూటర్ ఆన్ చేశాను. ఏ పనీ చెప్పకుండానే ప్రాసెసర్ 90 దాటింది. ఫ్యాన్లన్నీ ఫుల్లుగా పెట్టినా ఒక్క డిగ్రీ తగ్గలేదు. గుండె దడదడలాడింది. పక్క అద్దం తీసి ట్యూబుల మీద చెయ్యి వేశాను. ప్రాసెసర్ పక్కనున్న ట్యూబు చురుక్కుమంది. జానెడు దూరం జరిగితే మామూలుగానే ఉంది. నీళ్ల వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్ కూడా గది ఎంత వేడిగా ఉందో అంతే. అప్పుడు నీళ్లు నిలవుండే రిజర్వాయర్ కేసి చూస్తే నీళ్లు అద్దంలా నిలబడి ఉన్నాయి, చిన్న కదలిక కూడా లేదు. పంపు ప్లగ్గు సగం ఊడి వేలాడుతోంది. దాన్ని నొక్కి పెట్టగానే రెండు బుడగలు గిరగిరా తిరిగాయి. నిమిషం లోపే ప్రాసెసర్ 50కి దిగింది.

అందుకే ప్రాసెసర్ వేడి, నీళ్ల వేడి రెండు అంకెల్నీ కలిపి చూడమంటున్నాను. ప్రాసెసర్ మండిపోతూ నీళ్లు చల్లగా ఉన్నాయంటే వేడి నీళ్లలోకి వెళ్లడం లేదన్నమాట. పంపు ఆగి ఉండాలి, లేదా ప్రాసెసర్ వేడిని నీళ్లకి అందించే బ్లాక్ సరిగ్గా కూర్చోలేదు, ఆ రెంటి మధ్య పూసే పేస్టు సరిగ్గా అంటలేదు. రెండూ వేడిగా ఉన్నాయంటే నీళ్ల దాకా వచ్చిన వేడి బయటికి పోవడం లేదు. అప్పుడు రేడియేటర్ దుమ్ము, ఫ్యాన్లు చూసుకోవాలి.

నీళ్ల సెన్సర్ పెద్ద ఖర్చేం కాదు. 10 కిలో ఓమ్‌ల థర్మిస్టర్ (వేడిని కొలిచే చిన్న సెన్సర్) అడుగు. రిజర్వాయర్‌కి ఖాళీగా ఉన్న రంధ్రంలో స్క్రూలా తిప్పి బిగించెయ్యడమే. దాని రెండు వైర్ల ప్లగ్గు మదర్‌బోర్డు మీద టెంపరేచర్ సెన్సర్ పిన్నులకి తగిలించాలి. ఎటు తిప్పి పెట్టినా ఫరవాలేదు. అన్ని బోర్డులకీ ఆ పిన్నులుండవు, కొనేముందు మాన్యువల్ చూడు. లూప్‌లో ఎక్కడ పెట్టాలని కంగారు పడకు. నిమిషానికి నాలుగు లీటర్ల దాకా తిరుగుతుంటే 300 వాట్ల వేడికి లోపలికెళ్లే నీళ్లకీ బయటికొచ్చే నీళ్లకీ తేడా ఒక డిగ్రీ చిల్లర, అంతే.

ఇంకో ముఖ్యమైన సంగతి గది వేడి. రేడియేటర్ గాలి పీల్చుకునే చోట చిన్న థర్మామీటర్ పెట్టు, ఏసీ మీద కనిపించే అంకె నమ్మకు. నీళ్ల వేడిలోంచి గది వేడి తీసెయ్. పూర్తి లోడ్‌లో అరగంట నడిపాక ఆ తేడా 10 దగ్గర ఉంటే నీ లూప్ బ్రహ్మాండంగా ఉన్నట్టే. నాకు మే నెలలో నీళ్లు 46 ఉంటాయి, ఏసీ వేస్తే 35కి దిగుతాయి, కానీ తేడా మాత్రం పదే. నేను నోటుబుక్కులో నెలకోసారి రాసుకుంటాను. మార్చిలో 10 ఉన్నది జూన్‌కి 15 అయితే రేడియేటర్ రెక్కల్లో దుమ్ము పట్టిందని అర్థం. నీళ్లు 60 మాత్రం దాటనివ్వకు, చాలా పంపులకి అదే హద్దు.

బ్రౌజర్ తెరిస్తే చాలు ఫ్యాన్లు గుర్రుమంటున్నాయన్నావు కదా, దానికీ మందు ఇదే. ప్రాసెసర్ ఒక్క సెకనులో 45 నుంచి 70కి ఎగిరి మళ్లీ దిగుతుంది. నీళ్లు అలా కాదు. 300 వాట్ల వేడి మొత్తం లీటరు నీళ్లలోనే ఉండిపోయినా నిమిషానికి నాలుగు డిగ్రీల పైచిలుకే పెరుగుతాయి. అందుకని ఫ్యాన్లని నీళ్ల సెన్సర్‌కి కట్టెయ్. విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. నేను 38 దగ్గర మెల్లగా మొదలుపెట్టి 50కి ఫుల్ చేశాను. గేమ్ ఆపాక కూడా కాసేపు ఫ్యాన్లు తిరుగుతాయి, నీళ్లు చల్లారాలి కదా.

పంపుని మాత్రం ఇలా వేడిని బట్టి స్పీడు మారే ఏ కర్వ్‌కీ కట్టకు, ఒకే స్పీడులో తిరగనీ. సెన్సర్ల అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో పంపు ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పడిపోతే అలారం మోగేలా పెట్టు. నీళ్ల సెన్సర్ ఉంది కదా అని ఇది వదిలెయ్యకు. ఆ రోజు నా రిజర్వాయర్‌లో సెన్సర్ ఉన్నా హాయిగా 36 అనే చూపించేది, ప్రాసెసర్ వేడి అక్కడిదాకా చేరితే కదా! ఇంకోటి, ఏమీ తగిలించని పిన్నులకి కూడా ఆ సాఫ్ట్‌వేర్ పిచ్చి అంకెలు చూపిస్తుంది. అవి చూసి బెదరకు.

ఆదివారం అరగంట లోడ్ పెట్టి నీళ్లు ఎంత, గది ఎంత, పంపు ఆర్‌పీఎం ఎంత అని రాసుకో. సెన్సర్ ఇంకా రాకపోతే ట్యూబుల మీద చెయ్యి వేసి చూసి చెప్పు. సాయంత్రం ఫోన్ చేస్తాను. అంకుల్‌గారిని కంట్లో చుక్కల మందు మానెయ్యొద్దని నా మాటగా చెప్పు.

నీ,
మామ