జ్యూరీ మేళాలో నా మట్టి పాత్రలకు చోటు: సాయం చేసిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. జ్యూరీ ఎంపిక చేసే క్రాఫ్ట్ ఫెయిర్‌లో నా స్టోన్‌వేర్ పాత్రలకు, అంటే బాగా ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి మట్టి పాత్రలకు, స్టాల్ వచ్చింది. ఎంత సంతోషంగా ఉందో మాటల్లో చెప్పలేను. పాత్రలు చేసింది నేనే అయినా వాటిని అక్కడిదాకా చేర్చినవాళ్లు వేరే ఉన్నారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి పేర్లు లేకుండానే చెప్పుకుంటాను.

ముందుగా అక్కకి. తోడబుట్టిన అక్క కాదు. ఎన్నో ఏళ్లుగా మట్టి పని చేస్తూ, ఇలాంటి మేళాల జ్యూరీల్లో కూడా కూర్చున్న మనిషి. "అక్కా, నా అప్లికేషన్ ఒకసారి చూస్తావా?" అని అడిగాను. ఆవిడ ఫారం చదవలేదు. నేను పంపాలనుకున్న ఫొటోలన్నీ ఫోన్‌లో ఒకే వరసలో పెట్టి మా తమ్ముడికి చూపించింది. పది సెకన్లు కాకముందే ఫోన్ బోర్లించి, "ఏం గుర్తుందిరా?" అంది. వాడు కాసేపు ఆలోచించి "నీలం కూజా" అన్నాడు. ఇంకేమీ గుర్తు రాలేదు.

అప్పుడు అక్క విడమరిచి చెప్పింది. జ్యూరీ ముందుకు కుప్పలు తెప్పలుగా అప్లికేషన్లు వస్తాయి. ఒక్కొక్కరి ఫొటోలన్నీ కలిపి ఒకేసారి తెర మీద వేస్తారు. చాలా చోట్ల పేరు కూడా కనబడనివ్వరు. కొన్ని సెకన్లలో మార్కు పడిపోతుంది. వాళ్లు పాత్రను చేత్తో పట్టుకోలేరు, బరువు చూడలేరు. ఆ కాస్త సమయంలోనే ఇదంతా ఒకే చేతి పని అని వాళ్లకు తెలియాలి.

ఆ సాయంత్రమంతా మా ఇంట్లో నేల మీద పాత్రలు పరుచుకుని కూర్చున్నాం. అంచు దగ్గర గ్లేజ్ (పాత్ర మీద గాజులా ఉండే పూత) పల్చబడి, మట్టిలోని ఇనుము గోధుమరంగులో బయటపడే కప్పులు, గిన్నెలు కొన్ని ఉన్నాయి నా దగ్గర. అక్క వాటినే ఏరింది. నాకు ప్రాణమైన నీలం కూజాను పక్కన పెట్టించింది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు. కానీ మిగిలినవి పక్కపక్కన చేర్చాక ఒకే ఇంటి పిల్లల్లా కనిపించాయి. ఇక వాదించడానికి నాకేం మిగల్లేదు.

రెండో దండం ఫొటోలు తీసిన పక్కింటి అన్నయ్యకి. మెరిసే గ్లేజ్‌ను ఫొటో తీయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. కిటికీ వెలుగు గిన్నె పొట్ట మీద తెల్లటి మచ్చలా పడి రంగంతా మింగేస్తుంది. అన్నయ్య గదిలో బల్బులన్నీ ఆర్పేశాడు. పసుపు వెలుగు, పగటి వెలుగు కలిస్తే అసలు రంగు రాదట. కిటికీకి, పాత్రకి మధ్య పల్చటి తెల్ల గుడ్డ కట్టాడు. వెనక బూడిదరంగు పేపర్‌ను గోడ మీది నుంచి బల్ల మీదకు వంపుగా దించాడు, మధ్యలో గీత కనబడకుండా. ముందు అంచు, వెనక అంచు రెండూ స్పష్టంగా రావాలని కెమెరాను స్టాండ్ మీద పెట్టి, లెన్స్ రంధ్రం చిన్నది చేసి (ఎఫ్/11లో) తీశాడు. గిన్నె అడుగు దగ్గర గ్లేజ్ జారి ఆగిపోయిన చుక్క ఒకటి ఉంటుంది. అది సరిగ్గా పడేదాకా ఆయన కెమెరా కట్టలేదు. డబ్బులిస్తానంటే కోప్పడ్డాడు కూడా.

స్టాల్ ఫొటో మాత్రం చాలా టెన్షన్ పెట్టింది. ఎక్కడా స్టాల్ పెట్టని కొత్తవాళ్లను కూడా స్టాల్ ఫొటో అడుగుతారు కదా! మా బావ ఎవరి దగ్గరో 10 అడుగుల తెల్ల టెంటు అడిగి తెచ్చాడు. అరలు ఆయనే బిగించాడు. పేరు బోర్డు తీసేసి, మనుషులెవరూ లేకుండా ఫొటో తీశాం.

ఇక పిన్ని. ఫారంలో నా పని గురించి రాసినదాంట్లో "ప్రేమతో, అంకితభావంతో" అన్న చోటల్లా గీత పెట్టింది. "ప్రేమ అందరికీ ఉంటుందమ్మా, నువ్వేం చేస్తావో రాయి" అంది. చివరికి మిగిలింది నాలుగు ముక్కలే: చక్రం మీద చేస్తాను, గ్లేజ్ నేనే కలుపుకుంటాను, సుమారు 1220 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తాను, ప్రతి పాత్రా రోజూ వాడుకోడానికే. ఎన్ని పేజీలు రాసినా ఇంతకంటే బాగా చెప్పలేకపోయేదాన్ని.

ఒక మాట మనసులో ఉంది, చెప్పాలి. అప్లికేషన్ ఫీజు ఎంపిక కాకపోయినా సాధారణంగా తిరిగి రాదు. అక్క లాంటి మనిషి లేనివాళ్లకు తమ పనిని జ్యూరీ ఎలా చూస్తుందో తెలిసే దారి ఉండదు. కొన్ని మేళాల్లో దరఖాస్తు చేసినవాళ్లు వెనక కూర్చుని జ్యూరీని చూడొచ్చు. అది అన్నిచోట్లా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మొదట నాకు వచ్చింది వెయిటింగ్ లిస్ట్. ఫోన్ చేస్తే నిర్వాహకుల ఆఫీసులో ఒకావిడ ఎంతో ఓపిగ్గా చెప్పారు. ఒక్కో కళకు ఇన్ని స్టాళ్లని లెక్క ఉంటుందట, మట్టి పని వాళ్లెవరైనా తప్పుకుంటేనే మట్టి పని వాళ్లకు చోటట. ఆ తర్వాత ఎవరో తప్పుకున్నారు. చెప్పకుండా మానేస్తే ఆ స్టాల్ ఖాళీగానే ఉండిపోయేది. మీరెవరో నాకు తెలియదు, ఎందుకు కుదరలేదో తెలియదు. సమయం ఉండగానే చెప్పినందుకు మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ పాత్రలు ఏదో ఒక మేళాలో చూడాలనుంది.

అన్నయ్య ఆ బూడిదరంగు పేపర్, తెల్ల గుడ్డ నా దగ్గరే ఉంచేశాడు. అప్లికేషన్ పెట్టబోయేవాళ్లు ఎవరికి కావాలన్నా మొహమాటపడకుండా అడగండి, ఇస్తాను. ఫొటోలు వరసలో పెట్టి చూసేటప్పుడు ఇంకొకరి కళ్లు కావాలన్నా వస్తాను.