పెన్సిల్ పిల్లల చేతికివ్వండి

ఎడిటర్ గారికి,

హన్మకొండ, కాజీపేటల్లో పియానో, కీబోర్డు నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో సాయంత్రమైతే వినిపించే మాట ఒక్కటే: "ఎన్ని నిమిషాలు వాయించినవ్?" ఆ ప్రశ్న మార్చమని తల్లిదండ్రులను అడగడానికే ఈ ఉత్తరం.

నిమిషాలు లెక్కపెడితే పిల్లలు వచ్చిన ముక్కనే వాయిస్తూ కూర్చుంటారు. తొమ్మిదో బార్ (రాసిన సంగీతంలో రెండు నిలువు గీతల మధ్య ఉండే చిన్న భాగం) దగ్గర తడబడగానే "మళ్ల మొదటికెళ్లి వాయించు" అని వంటింట్లోంచి కేక. అట్లా ఐదుసార్లయితే మొదటి ఎనిమిది బార్లు ఐదుసార్లు బాగా, తొమ్మిదోది ఐదుసార్లు తప్పుగా సాధన చేసినట్టు. వేళ్లకు ఆ తప్పే అలవాటవుతుంది.

తప్పిన చోట పెన్సిల్‌తో సున్నా చుట్టమనండి. పెన్ను వద్దు, కుదిరాక చెరిపేయాలి కదా. తర్వాత "అక్కడ ఏ వేలు పడ్డది?" అని అడగండి. దీనికి మీకు సంగీతం రానక్కర్లేదు. సి మేజర్ స్కేలులో (సి నుంచి మొదలయ్యే స్వరాల వరుసలో) కుడిచేతి మూడో వేలు (బొటనవేలిని ఒకటిగా లెక్కిస్తే) ఇ కీ మీద ఉండగా బొటనవేలు కిందినుంచి దూరి ఎఫ్ మీదికొస్తుంది. అదే అలవాటుతో ఎఫ్ మేజర్ ఎత్తుకుంటే ఎఫ్, జి, ఎ దాటగానే బొటనవేలు పోయి నల్ల కీ బి ఫ్లాట్ మీద పడుతుంది. మోచెయ్యి లేస్తుంది, ఆ స్వరం దబ్బున మోగుతుంది. బి ఫ్లాట్‌కు నాలుగో వేలు వాడి, బొటనవేలిని సి దగ్గర తిప్పాలి. ఇది టీచర్ పదిసార్లు చెప్పినదానికంటే, పిల్లలు తమ చెయ్యి చూసుకుని ఒకసారి కనిపెట్టుకుంటే ఎక్కువ నిలుస్తుంది.

కారణం దొరికాక ఆ బార్‌కు ముందు రెండు స్వరాల నుంచి, తర్వాతి బార్ మొదటి స్వరం దాకా మాత్రమే వాయించాలి. ముందు ఒక్కో చెయ్యి విడిగా, మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమని లయ చూపే పరికరం) 60 మీద, అంటే నిమిషానికి 60 దెబ్బలు. వరుసగా మూడుసార్లు తప్పులేకుండా వస్తేనే 64. తప్పితే మళ్లీ 60. ఎప్పుడు పెంచాలో పిల్లలే చెప్పాలి. తొందరపడి పెంచితే పెంచనివ్వండి, మెట్రోనోమే చెబుతుంది.

వాయించేటప్పుడు ధ్యాసంతా వేళ్ల మీదే ఉంటుంది, చెవికి సగమే వినిపిస్తుంది. అందుకే ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినాలి. విన్నాక నోటుబుక్కులో మూడు ముక్కలు: ఏ బార్, ఎందుకు, రేపు ఏం చేస్తా. "బాగా రాలేదు" అని రాస్తే చాలదు. ఆరేడేళ్ల పిల్లలు నోటితో చెప్పినా సరే.

మా టీచర్లదీ తప్పుంది. పిల్లలు వాయించీ వాయించగానే తప్పులు ఏకరువు పెడతాం. క్లాసులో మొదటి ఐదు నిమిషాలు నోటుబుక్కు వాళ్లతో చదివించి, మనం నోరు మూసుకోవాలి. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల సంగీతం గ్రేడు పరీక్షలో వాయించే ఒక్కో పీసుకు 22 మార్కులుంటే, నోట్లు తప్పకుండా ఆగకుండా వాయించడానికి 7, టెక్నిక్‌కు 7, భావం పలికించడానికి 8. ఇంట్లో మొత్తం మార్కులు చూసి కాగితం మడిచేస్తారు. ఏ గడిలో తగ్గిందో పిల్లలతో చదివించాలి.

బతుకమ్మ సెలవులకు ఊరికి పోతే కీబోర్డు మోసుకుపోలేరు. నోటుబుక్కు సంచిలో పడుతుంది. బల్ల మీద వేళ్లు ఆడించినా ఎఫ్ మేజర్‌లో బొటనవేలు ఎక్కడ తిరగాలో తెలుస్తుంది. తిరిగొచ్చిన రోజు ముందు ఏ బార్ తెరవాలో వాళ్లనే చెప్పనివ్వండి.

– కొందరు పియానో టీచర్లు, హన్మకొండ