తని మొదలైతే లేచిపోతారేం?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం సాయంత్రాలన్నీ మా తిరుపతి మహతి ఆడిటోరియంలో, అన్నమాచార్య కళామందిరంలో కచేరీలు, నాటకాలతోనే గడిచిపోయాయి, టికెట్ కూడా లేదు, ఇంకే ఊర్లో దొరుకుతుంది చెప్పండి ఈ భాగ్యం. ఒక కచేరీలో కల్యాణి రాగం ఆలాపన అయ్యాక వయొలిన్ ఆయన అందుకొని పైషడ్జం (పై స్థాయి 'స') మీద నిలబెట్టాడు చూడండీ, నా పక్కన పెద్దాయన వక్క నమలడం కూడా ఆపేశాడు. ఆ తర్వాత మృదంగం తని, అంటే పాట ఆపి మృదంగం ఒక్కటే వాయించే భాగం, మొదలైందో లేదో సగం హాలు లేచి బయటికి! మోరా, కోర్వై అనే ముగింపు జతులు అయిపోయి మళ్ళీ పల్లవి ఎత్తుకునే చోటే కదా అసలు మజా, అంతసేపు చెమటోడ్చి వాయించే మనిషికి వీపులు చూపిస్తారా?

పద్యనాటకం రోజు ఇంకో తంతు. కృష్ణుడు రాగం లాగుతుంటే హార్మోనియం ఆయన వెంటపడి పట్టుకోవడం, జనం వన్స్ మోర్ అని అరవడం, అంతా బాగుంది, సరిగ్గా అప్పుడే తెర దించి శాలువాలు, మెమెంటోలు, ఉపన్యాసాలు. కౌరవ సభ ఆపి సన్మాన సభ ఏంది సామీ! దుర్యోధనుడు పాపం గద పట్టుకొని పక్కన నిలబడే ఉన్నాడు. దాంతో బాగా లేటయ్యి, చంద్రగిరి, రేణిగుంట వాళ్ళు బస్సుల కోసం చివరి రంగం చూడకుండానే పోయారు. సన్మానాలు ఆఖర్లో పెట్టుకోండయ్యా, ఉండేవాళ్ళు ఉంటారు.

- ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి