జుట్టు రంగుపై పిల్లల ప్రయోగాలు: తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం సందర్భంగా మన బడిలో జరగబోయే వైజ్ఞానిక ప్రదర్శనకు, జుట్టుకు రంగు ఎలా పడుతుంది, ఉన్న రంగు ఎలా పోతుంది అనే అంశాన్ని తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు ఎంచుకున్నారు. ఈ సంగతి విని కొందరు తల్లులు కంగారుపడి అడిగారు కనుక, ఇక్కడ ఏం చేయిస్తున్నామో, ఇంట్లో ఏం చేయనివ్వకూడదో వివరంగా తెలియజేయడం నా బాధ్యత. ప్రయోగమంతా కత్తిరించిన వెంట్రుకల మీదే జరుగుతుంది. ఏ పిల్లవాడి తలమీదా, ఏ ఆడపిల్ల జడమీదా జరగదు.

ఎన్నడూ రంగు వేయని జుట్టును సెలూన్‌లో అడిగి తెచ్చి, షాంపూతో కడిగి ఆరబెట్టి, పిల్లలు చిన్న చిన్న కుచ్చులుగా దారంతో కట్టారు. ఒక కుచ్చును ఉత్త నీళ్లలోనూ, మరొకదాన్ని మందుల షాపులో గాయాలు కడగడానికి అమ్మే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లోనూ నానబెడతారు. వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఒకదానిమీద ఒకటి పరుచుకున్న పొలుసులతో ఉంటుంది, నలుపునిచ్చే మెలనిన్ దాని లోపల ఉంటుంది. పెరాక్సైడ్ మెల్లగా లోపలికి చేరి ఆ మెలనిన్‌ను ఆక్సీకరణం చేస్తుంది, అంటే ఆక్సిజన్‌తో చర్య జరిపి దాని రంగు పోగొడుతుంది. నల్లని మెలనిన్ ముందు లొంగిపోతుంది, ఎర్రని రకం మొండికేస్తుంది. అందుకే నల్ల జుట్టు తిన్నగా పసుపు రంగుకు రాకుండా, మొదట గోధుమ వన్నెకు, ఆపైన ఎర్రచాయకు తిరుగుతుంది. అమ్మోనియా వంటి క్షారం పొలుసులను విప్పి ఈ పనిని వేగిరపరుస్తుంది కానీ, దాని ఘాటు కళ్లకూ ఊపిరికీ మంచిది కాదు కాబట్టి పిల్లల చేతికి ఇవ్వడం లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ తర్వాతి పరీక్ష. ఒక్క వెంట్రుకను స్టాండుకు కట్టి, దానికి కాగితపు కప్పు వేలాడదీసి, తెగేవరకు నాణేలు ఒక్కొక్కటే వేస్తారు. నీళ్లలో ఉంచిన వెంట్రుక ఎంత బరువు ఆపింది, రంగు పోయినది ఎంత ఆపింది అన్నది పట్టికలో రాస్తారు. వెంట్రుకలన్నీ ఒకే మందంలో ఉండవు కనుక ప్రతి రకంలోనూ పదేసి వెంట్రుకలు తెంపి సగటు తీయమన్నాను. బహుమతి మెరిసే రంగును బట్టి కాకుండా ఈ నోటు పుస్తకాన్ని బట్టే ఇస్తాము.

మరో జట్టు గోరింటాకు తీసుకుంది. అందులోని లాసోన్ అనే పదార్థం వెంట్రుకలోని కెరాటిన్ ప్రోటీనును గట్టిగా పట్టుకుంటుంది. పత్తి ప్రోటీను కాక సెల్యులోజు అనే మొక్కల పీచు పదార్థం కావడంతో దానికి ఆ రంగు అంతగా పట్టదు. నిమ్మరసంతో కలిపి రాత్రంతా నానిన ఒకే ముద్దలో తెల్ల వెంట్రుకలనూ, పొందూరు ఖద్దరు దారాన్నీ పక్కపక్కన ఉంచితే ఈ తేడా కంటికే కనిపిస్తుంది. మన జిల్లా నూలును ఇందులోకి తేవాలన్న ఆలోచన పిల్లలదే, నాకెంతో సంతోషం కలిగింది.

ఇక జాగ్రత్తలు. కొట్లో దొరికే నల్లరంగు పొడులు, ద్రావణాలు చాలావాటిలో పారాఫినైలిన్‌డయమిన్ అనే రసాయనం ఉంటుంది. కొందరికి ఇది తగిలిన ఒకటి రెండు రోజులకు దురద, పొక్కులు, ముఖం వాపు వస్తాయి. ఒకసారి పడనివారికి మళ్లీ తగిలితే బాధ ఇంకా ఎక్కువగా ఉండవచ్చు. తిరునాళ్లలో చేతులకు పెట్టే నల్ల గోరింటాకులోనూ ఇదే కలిపి ఉండవచ్చు. ఈ రసాయనం పొరపాటున కడుపులోకి వెళితే గొంతు వాచి ఊపిరాడదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ప్రాణానికే ముప్పు. అటువంటప్పుడు ఇంటి వైద్యంతో ఆలస్యం చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇంట్లో ఆ ప్యాకెట్లుంటే తాళం వేసే చోట పెట్టండి. నూతిలో చల్లే బ్లీచింగ్ పౌడరును పిల్లలు ఈ పనికి వాడనే కూడదు. అది వెంట్రుకనే కరిగిస్తుంది, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

పెరాక్సైడ్‌తో చేసే పనంతా బడి ప్రయోగశాలలోనే, చేతి తొడుగులు, కళ్లద్దాలతో, సైన్సు ఉపాధ్యాయుల ఎదుటే సాగుతుంది. మీ పిల్లలు పాల్గొనడం ఇష్టం లేకపోతే డైరీలో ఒక మాట రాయండి, వేరే అంశం ఇస్తాము, మార్కులేమీ తగ్గవు. గోరింటాకు జట్టుకు తెల్ల వెంట్రుకలు చాలడం లేదు. ఇంట్లో మామ్మగారో తాతగారో రంగు వేయనివారైతే, వారి దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను కాగితంలో పొట్లం కట్టి సోమవారం పిల్లలతో పంపించగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని