కథల్లో మనుషులు ఇలాగా మాట్లాడేది?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కథలు వదలకుండా చదువుతాను. కథ బాగానే నడుస్తుంది, పాత్రలు నోరు తెరిస్తేనే చిరాకు. భార్య భర్తతో 'మన పెద్దబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కదండీ' అంటుంది. ఆయనకు తెలియదా? 'వాడు ఫోన్ చేశాడా?' అంటే చాలు, ఆమె బెంగ కూడా అందులోనే వినిపిస్తుంది.

ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. జగిత్యాల బస్సులో అడిగినదానికి నేరుగా జవాబిచ్చేవాళ్లు తక్కువ. 'ఏడికమ్మా?' అంటే 'బిడ్డ కాన్పైంది, జల్ది పోనియ్యి' అనేవాళ్లు. ఊరి పేరు ఆ తర్వాతే.

ఇంకోటి, యాస పనిమనిషికీ ఆటోడ్రైవరుకేనా? అదీ నవ్వించడానికి! మా డాక్టరు గారూ 'జరమెన్నడొచ్చింది?' అనే అడుగుతారు. 1897లోనే అచ్చయిన 'కన్యాశుల్కం'లో గిరీశం ఇంగ్లీషు ముక్కలు, అగ్నిహోత్రావధాన్లు కోపం దేనికది వేరు. పేర్లు చేత్తో మూసి చదివినా మాట ఎవరిదో తెలుస్తుంది. కథలు ఎంపిక చేసేవారు ఈ పరీక్ష పెట్టి చూడాలని మనవి.

– ఒక రిటైర్డ్ కండక్టర్, కరీంనగర్