కారు ప్రకటనల్లో ఆన్‌రోడ్ ధర కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

దసరా ముందు నుంచి మీ పత్రికలో కార్ల ప్రకటనలు పేజీలకు పేజీలు వస్తున్నాయి. జీఎస్టీ తగ్గింది కాబట్టి ధరలూ తగ్గాయని పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు. తగ్గిన మాట నిజమే. చిన్న పెట్రోలు కార్ల మీద అంతకుముందు 28 శాతం జీఎస్టీ, ఆపైన 1 శాతం సెస్సు ఉండేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి మొత్తం 18 శాతమే అయింది. మధ్యతరగతి వాళ్లకి ఇది మంచి సాయం. కానీ అదే ప్రకటన కింద ఓ మూల, కళ్లజోడు పెట్టుకున్నా కనపడని అక్షరాల్లో ‘ఎక్స్ షోరూం ధర, షరతులు వర్తిస్తాయి’ అని ఉంటుంది. మొదటిసారి కారు కొనేవాళ్లు పెద్ద అక్షరాల అంకె చూసి ఇంట్లో లెక్క వేసుకుంటారు. తీరా షోరూంకి వెళ్లాక కట్టాల్సింది ఇంకో అంకె, అంటే రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అన్నీ కలిపిన ఆన్‌రోడ్ ధర. ఈ రెండింటి మధ్య తేడా గురించే ఈ ఉత్తరం.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో ఏం కొన్నా పుస్తకంలో రాసుకోవడం నాకు పెళ్లయిన దగ్గర్నుంచి అలవాటు. మా మొదటి కారు లెక్క కూడా అలాగే రాసిపెట్టి ఉంది కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడకుండా చెప్పగలను.

2001లో మేం కానూరులో అద్దెకి ఉండేవాళ్లం. మా వారు ఆటోనగర్‌లో లేతు పని చేసేవారు. మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. వారానికి రెండుసార్లు సూర్యారావుపేటలో ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. సిటీ బస్సు మెట్లు ఆవిడ ఎక్కలేరు. ఆటోలో బందరు రోడ్డు గతుకులకి నడుం పట్టేసేది. ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం దిగేవారు కాదు. కారు కొందామన్న మాట మా ఇంట్లో అలా మొదలైంది తప్ప సరదాకి కాదు.

కొత్త కారు మాకు అందే వ్యవహారం కాదు. 1983 డిసెంబరులో మారుతి 800 మొదటిసారి రోడ్డు మీదికి వచ్చినప్పుడు ధర యాభై వేల లోపే. మేం చూసే నాటికి కొత్తది రెండు లక్షలు దాటిపోయింది. అందుకని 1994 మోడల్ తెల్ల మారుతి 800 ఒకటి బ్రోకరు ద్వారా చూశాం. బేరం 92,000 దగ్గర తెగింది.

ఆ రోజు మా వారు కారు చూసిన పద్ధతి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ముందు బానెట్ మీద చెయ్యి వేసి, ఇంజను చల్లగా ఉందో లేదో చూశారు. అప్పటికే వేడిగా ఉంటే, మనం వచ్చే ముందు స్టార్ట్ చేసి పెట్టారని అర్థమట. చల్లగానే ఉంది. చోక్ లాగి స్టార్ట్ చేసి, ఇంజను ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తీసి పైన అరచెయ్యి పెట్టారు. పొగ గట్టిగా తన్నలేదు, అంటే ఇంజను లోపల బాగానే ఉన్నట్టు. తర్వాత లోపల కాళ్ల కింద మ్యాట్లు ఎత్తి రేకు తుప్పు పట్టిందేమో చూశారు. తలుపుల రబ్బర్లు ఊడదీసి, కింద రంగు, పైన రంగు ఒకటేనా అని చూశారు. ఎడమ వైపు వెనక తలుపు దగ్గర తేడా ఉంది. ఎప్పుడో తగిలి, పుట్టీ పెట్టి రంగు వేశారు. ఆ ఒక్క తలుపు చూపించే మూడు వేలు తగ్గించారు. పాత కారు కొనబోయే పిల్లలెవరైనా ఈ ఉత్తరం చదివితే ఇవన్నీ ఇప్పటికీ పనికొస్తాయి.

కాగితాల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఆర్‌సీ మీద ఫైనాన్సు కంపెనీ పేరు అలాగే ఉంది. అప్పు ఎప్పుడో తీరిపోయిందని అమ్మినాయన, అదేం పెద్ద పని కాదని బ్రోకరు అన్నారు. మా వారు మాత్రం పదివేలు చేతిలో ఉంచుకుని, ఫైనాన్సు కంపెనీ నుంచి అప్పు తీరినట్టు కాగితం వచ్చాక, ఆర్‌సీలో ఆ పేరు కొట్టేసిన తర్వాతే ఆ డబ్బు ఇచ్చారు. నెల పైనే పట్టింది. ఆ నెలంతా నాకు ఒకటే టెన్షన్.

ఇక డబ్బు ఎలా వచ్చిందంటే, లక్ష రూపాయల చీటీ సగంలో ఉండగా పాడి ఎత్తాం. పాటలో 22,000 పోయి చేతికి 78,000 వచ్చింది. నా నాలుగు గాజులు బ్యాంకులో పెట్టి 20,000 తెచ్చాం. మిగతాది మా వారి ఓవర్‌టైం, నా జీతం.

పుస్తకంలో కారు పేరు మీద రాసిన పేజీ ఇలా ఉంది. కారు 92,000. బ్రోకరుకి 1,500. పేరు మార్పిడికి అన్నీ కలిపి 1,100. ముందు టైర్లు రెండు అరిగిపోయి ఉంటే మార్చాం, 2,600. బ్యాటరీ 1,900. క్లచ్ ప్లేటు, లేబరుతో 2,350. టింకరింగ్, పెయింటు 4,800. ఇది ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ దగ్గర కాబట్టి, బయటివాళ్లకైతే ఇంకా ఎక్కువయ్యేది. ఇన్సూరెన్సు 2,700. దుర్గమ్మ గుడి దగ్గర వాహన పూజ, గుమ్మడికాయ, నిమ్మకాయలు 151. మొత్తం 1,09,101 రూపాయలు. కారు ధర మీద 17,101 అదనం, అదీ మొదటి మూడు నెలల్లోనే. పెట్రోలు ఇందులో లేదు. అప్పట్లో లీటరు ముప్పై రూపాయలకు అటూ ఇటూ ఉండేది. 2025లో విజయవాడలో 109 దాటింది. 

అయినా ఆ 17,101లో మాకు తెలియకుండా పోయిన రూపాయి లేదు. ఏది ఎందుకు కడుతున్నామో చూసి, అడిగి కట్టాం. టైరు కావాలంటే టైరు కళ్ల ముందు కనపడింది. మా అత్తగారు ముందు సీటు వెనక్కి జరుపుకుని కాలు చాపుకుని కూర్చునేవారు. ఎనిమిది నెలలకి చేతికర్రతో వాకిట్లో నడిచారు. 15 ఏళ్ల రిజిస్ట్రేషను గడువు అయ్యేదాకా ఆ కారు మా ఇంట్లోనే ఉంది. ఆ తర్వాత 28,000కి ఇచ్చేశాం.

ఇప్పుడు మొన్న దసరాకి జరిగింది చెప్తాను. తాడేపల్లిలో ఉండే మా మేనల్లుడు మొదటి కారు కొన్నాడు. పిల్లాడు ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటాడు. ప్రకటన చూసి 6,50,000 కారు అని నిర్ణయించుకుని, బ్యాంకు లోనుకి చెప్పుకుని, డౌన్‌పేమెంటు సర్దుకున్నాడు. షోరూంలో ఇచ్చిన కొటేషన్ చూస్తే 8,17,500. ‘‘అత్తా, నువ్వొకసారి చూడవా’’ అని ఫోను చేశాడు.

ఆ కాగితం దగ్గర పెట్టుకుని చూశాను. లైఫ్ ట్యాక్సు, అంటే రాష్ట్ర ప్రభుత్వానికి ఒక్కసారే కట్టే బండి పన్ను, 91,000. ఇది న్యాయమైన లెక్కే. మన రాష్ట్రంలో కారు ధర అయిదు లక్షల లోపైతే 13 శాతం, పది లక్షల లోపు 14, ఇరవై లక్షల లోపు 17, ఆపైన 18. ఆరున్నర లక్షలకి 14 శాతం అంటే 91,000 కట్టాల్సిందే. మా మొదటి కారు ధరకి ఇది వెయ్యి రూపాయలే తక్కువ. ఈ స్లాబుల్లో ఇంకొకటి కూడా జనం గమనించాలి. 9,90,000 కారుకి పన్ను 1,38,600. 10,10,000 కారుకి 1,71,700. కారు ధర ఇరవై వేలు పెరిగితే పన్ను 33,100 పెరుగుతుంది. పది లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఇన్‌కంట్యాక్సు, కూడా పట్టుకుంటారు. అది తర్వాత ఇన్‌కంట్యాక్సు రిటర్నులో సర్దుబాటు అవుతుందనుకోండి, కానీ కొనే రోజున చేతిలో ఉండాలి కదా. పది లక్షల అంచున ఉన్న మోడల్ తీసుకునేవాళ్లు ఒక వేరియంటు కిందకి దిగాలో, పైదే కావాలో ముందే ఆలోచించుకోవాలి.

రిజిస్ట్రేషన్ ఫీజులు, కార్డు 1,500. ఫాస్టాగ్ 500. వీటితో పేచీ లేదు.

ఇన్సూరెన్సు 36,400 అని రాశారు. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, అంటే మన కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇచ్చేది, 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. 1,000 నుంచి 1,500 సీసీ మధ్య ఇంజనుకి ఆ మూడేళ్ల ప్రీమియం 10,640, పైన జీఎస్టీ. ఇది ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. మిగిలిన భాగం, అంటే మన కారుకి దెబ్బ తగిలితే ఇచ్చే ఇన్సూరెన్సు, కంపెనీకి కంపెనీకి తేడా ఉంటుంది. లోను మీద కొంటే బ్యాంకు అది కూడా ఉండాలంటుంది, నిజమే. కానీ షోరూం వాళ్లు చెప్పిన చోటే తీసుకోవాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. అదే కారు విలువకి, అదే జీరో డిప్రిసియేషన్‌తో (మార్చిన భాగాల ఖర్చులో అరుగుదల కోత పెట్టని పద్ధతి) బయట కనుక్కుంటే 27,900 అన్నారు. 8,500 తేడా.

తర్వాత హ్యాండ్లింగ్ చార్జీ 7,500. దీని గురించే నాకు ఎక్కువ బాధ. రవాణా శాఖ తీసుకునే ఫీజుల్లో ఇలాంటిది లేదు. కంపెనీ నుంచి కారు షోరూందాకా తేవడం డీలరు వ్యాపారంలో భాగం, ఎక్స్ షోరూం ధర అంటేనే షోరూంలో ఉన్న కారు ధర. మళ్లీ హ్యాండ్లింగ్ ఏమిటి? ఆపైన ‘ఎసెన్షియల్ కిట్’ అని 19,000. ఎక్స్‌టెండెడ్ వారంటీ 11,600.

నేనూ వాడూ కలిసి షోరూంకి వెళ్లాం. ‘‘కిట్ లేకుండా కారు రాదు మేడమ్, సిస్టమ్‌లో అలాగే పడుతుంది’’ అన్నాడు సేల్స్ కుర్రాడు. వాడి తప్పు కాదు, పైనుంచి చెప్పించి ఉంటారు. హ్యాండ్లింగ్ చార్జీ ఏ నిబంధన కింద తీసుకుంటున్నారో బిల్లు మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమని అడిగాను. మేనేజరు వచ్చారు, లోపలికి వెళ్లారు, మళ్లీ వచ్చి అది తీసేస్తామన్నారు. కిట్‌లో మ్యాట్లు, మడ్ ఫ్లాపులు మాత్రం ఉంచుకుంటే 4,200 అయింది. ఇన్సూరెన్సు బయటే తీసుకున్నాం. వారంటీ మా వాడు కావాలనుకున్నాడు, తీసుకున్నాడు. మొత్తం మీద 30,800 మిగిలింది. వాడి ఈఎంఐ మూడు నెలలకి సరిపోయే డబ్బు.

అడిగితే తీసేసే చార్జీ అడగనివాళ్ల దగ్గర ఎందుకు తీసుకోవాలన్నదే నా ప్రశ్న. లెక్కల టీచరు అత్త అందరికీ ఉండదు. గుడివాడ నుంచో, తెనాలి నుంచో కుటుంబమంతా కలిసి మంచిరోజు చూసుకుని వచ్చి, పూలదండ తెచ్చుకుని, పిల్లలు కారు చుట్టూ తిరుగుతుంటే ఆ సమయంలో కాగితం మీద ఏడో లైను గురించి గొడవ పడటానికి ఎవరికీ మనసొప్పదు. ఆ సంతోషం చూసుకునే ఆ లైను రాస్తున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే. జీఎస్టీ తగ్గితే కారు ధర తగ్గింది, ధర మీద లెక్కగట్టే లైఫ్ ట్యాక్సూ తగ్గింది. హ్యాండ్లింగూ కిట్టూ మాత్రం తగ్గినట్టు ఆ కొటేషన్‌లో నాకెక్కడా కనపడలేదు.

2008లో లక్ష రూపాయల కారు అని నానో గురించి దేశమంతా చెప్పుకున్నప్పుడు మా స్కూల్లో అటెండరు దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరూ లెక్కలు వేసుకున్నారు. తీరా అమ్మకానికి వచ్చేసరికి ఆ లక్ష పన్నులూ రవాణా కలపని ధర అని తెలిసింది. మా అటెండరు అప్పటికే పీఎఫ్ లోనుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. పాపం, వెనక్కి తీసుకున్నాడు. పదిహేడేళ్లు గడిచినా ప్రకటనల్లో పద్ధతి మారలేదు.

అందుకని మీకూ, రవాణా శాఖకీ నా మనవి. కారు ప్రకటన వేసేటప్పుడు ఎక్స్ షోరూం ధర పక్కనే, అదే సైజు అక్షరాల్లో విజయవాడ ఆన్‌రోడ్ ధర కూడా వేయమని కంపెనీలని అడగండి. మీ వారపు ఆటో పేజీలో అయినా మీ అంతట మీరు వేయొచ్చు, లైఫ్ ట్యాక్సు శాతాలు అందరికీ తెలిసినవే. షోరూంలో ఇచ్చే కొటేషన్ మూడు భాగాలుగా ఉండాలి: ప్రభుత్వానికి పోయేది, ఇన్సూరెన్సు కంపెనీకి పోయేది, డీలరుకి పోయేది. మూడో భాగంలో ఏది తప్పనిసరి కాదో తెలుగులో రాసి ఉండాలి. ఆ పట్టిక షోరూం గోడ మీద కూడా పెట్టేలా రవాణా శాఖ ఆదేశాలు ఇవ్వాలి. సంక్రాంతికి మళ్లీ అమ్మకాలు పుంజుకుంటాయి కాబట్టి ఈ పని ఆలోపే జరిగితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయిని,
పటమట, విజయవాడ.