పాలీహౌస్ వేడి పైనుంచే పోవాలి

సంపాదకులకు నమస్కారం.

మార్చి దాటిందంటే పాలీహౌస్‌లో (ప్లాస్టిక్ షీటు కప్పి పంట పెంచే గది) క్యాప్సికం పూత రాలడం మొదలవుతుంది. వెంటనే గాలిని లాగే ఫ్యాన్లకూ, ఆ గాలిని చల్లబరిచే తడి ప్యాడ్లకూ కొటేషన్లు తెప్పిస్తారు. దానికన్నా ముందు టేపు తీసుకుని టాప్ వెంట్‌ను (వేడిగాలి పోయేందుకు కప్పులో వదిలే సందు) కొలవమని రైతులకు మా మనవి.

మన దగ్గర 8 మీటర్ల వెడల్పు బేకి (ఒక కప్పు వంపు కింది భాగం) 90 సెంటీమీటర్ల వెంట్ వదిలి సరిపెట్టడం మామూలు. అంటే నేల విస్తీర్ణంలో 11 శాతమే. పైన కనీసం 15 నుంచి 20 శాతం, పక్కల చుట్టి ఎత్తే కర్టెన్ల దగ్గర మరో అంత ఉండాలి. ఉన్న 11 శాతానికీ తెల్లదోమ రాకుండా 40 మెష్ (అంగుళానికి 40 కళ్లు) వల బిగిస్తాం, దాంతో గాలి ఇంకా తగ్గుతుంది. వల తీసేయలేం కాబట్టి వెంటే పెద్దది కావాలి. పక్కల వలకు దుక్కుల కాలంలో దుమ్ము పట్టి కళ్లు మూసుకుపోతాయి. లోపలివైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి కడగండి. బయటినుంచి కొడితే దుమ్ము కళ్లలోనే ఇరుక్కుంటుంది.

వెంట్ నోరు ఎటు చూస్తుందన్నదీ ముఖ్యమే. తెలంగాణలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచేది పడమటి గాలి. నోరు తూర్పుకు ఉంటే గాలి కప్పు మీదుగా పోతూ లోపలి వేడిని పీల్చుకుపోతుంది. పడమరకు ఉంటే బయటికి రావలసిన వేడినే లోపలికి నెట్టేస్తుంది. గాలివానకు షీటు ముందుగా చిరిగేదీ ఆ నోటి దగ్గరే.

లోపల నీడకు వేసే షేడ్‌నెట్‌ను పొద్దున లాగి సాయంత్రం దాకా వదిలేయడం మరో పొరపాటు. దగ్గరి అల్లిక నెట్ అయితే టాప్ వెంట్‌కు మూత పెట్టినట్టే, వేడి మొక్కల మధ్యే తిరుగుతుంది. పైగా నల్ల నెట్ ఎండను తాను తాగి ఆ వేడిని లోపలే వదులుతుంది. నీడ కప్పుకు బయట, షీటుకు అర మీటరు ఎత్తున ఉంటేనే అసలు లాభం. కుదరకపోతే లోపల అల్యూమినియం నెట్ వాడి, 11 గంటల నుంచి 3 గంటల దాకానే మూయండి.

భూమిలో గొట్టాలు పాతి చల్లగాలి తెచ్చుకోవచ్చని ఈమధ్య చాలామంది ఆశపడుతున్నారు. మూడు మీటర్ల లోతున మన నేల ఏడాది పొడవునా 27 డిగ్రీల దగ్గరే ఉంటుంది, అది నిజమే. కానీ లెక్క వేసి చూడండి. వెయ్యి చదరపు మీటర్ల పాలీహౌస్‌లోకి మిట్టమధ్యాహ్నం 600 కిలోవాట్ల దాకా ఎండ దిగుతుంది. ఎదిగిన పైరు ఉంటే అందులో సగం వేడి, ఆకులు నీటిని ఆవిరి చేయడానికే పోతుంది (కొత్తగా నాటిన పాలీహౌస్ ఎక్కువ ఉడికిపోయేది అందుకే). మిగతా వేడిని బయటికి పంపాలి. సెకనుకు ఒక ఘనపు మీటరు గాలిని 39 నుంచి 29 డిగ్రీలకు దించితే తగ్గేది 11, 12 కిలోవాట్లే. ఆ కాస్త గాలికే 20 సెంటీమీటర్ల గొట్టాలు పదికి పైగా కావాలి. నీడ వేసిన చిన్న నారుమడి గదికైతే ఈ గొట్టాలు పనికొస్తాయి. వేసేవాళ్లు వాటిని ఒక గుంత వైపు వాలుగా పాతాలి, లేకపోతే లోపల చెమ్మ నిలిచి బూజు వాసన గాలితోపాటు వస్తుంది.

ఇక ఫాగర్ల (మంచులా సన్నని నీటి తుంపర చల్లే నాజిళ్ల) విషయం. లీటరు నీరు ఆవిరైతే 0.68 యూనిట్ల వేడి పోతుంది, కరెంటు ఖర్చు చిన్న పంపుదే. అయితే కర్టెన్లు మూసి ఫాగర్లు నడిపితే ఆవిరి పోయే దారి లేక ఉక్క పెరిగి ఆకుమచ్చ వస్తుంది. అర నిమిషం నడిపి, ఆకు ఆరాకే మళ్లీ వేయాలి. ఉప్పు బోరు నీళ్లయితే నాజిల్ పూడుతుంది, ఆకు మీద తెల్లపొర కడుతుంది. వాననీటి గుంట ఉంటే ఆ బాధ లేదు. ఆవిరితో చల్లబరచడం అనంతపురం పొడిగాలిలో బాగా పనిచేస్తుంది. గాలిలో 20 శాతం తేమ ఉంటే మంచి ప్యాడ్ 40 డిగ్రీలను 26కి దించగలదు. కోస్తాలో 65 శాతం తేమలో 36 డిగ్రీలు 31కి దిగడమే గగనం. అక్కడ ఫ్యాన్ల బిల్లు కట్టడం దండగ.

చింతపల్లి, లంబసింగి వైపు కష్టం చలితో. మామూలు షీటు రాత్రి వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నల్లరంగు వేసిన 200 లీటర్ల డ్రమ్ము పగలు ఎండకు కాగి రాత్రి 10 డిగ్రీలు చల్లారితే ఇచ్చేది 2.3 యూనిట్లు. వంద చదరపు మీటర్ల గదికి ఒకటి రెండు డ్రమ్ములు ఏ మూలకూ చాలవు. డ్రమ్ముల పక్కనే నారు ట్రేలు పెట్టి, వాటి మీద తక్కువ ఎత్తులో ఇంకో షీటు గూడులా కప్పితే ఆ వేడి మొక్కకు దక్కుతుంది. కర్టెన్లు సాయంత్రం నాలుగింటికే దించాలి, పొద్దుగుంకాక దించితే లోపల దాచుకోవడానికి వేడి మిగలదు.

సబ్సిడీ పాలీహౌస్‌లను తనిఖీ చేసే అధికారులు పైపు మందం, షీటు మైక్రాన్లు చూస్తున్నారు. టాప్ వెంట్ నేలలో ఎంత శాతమో, నోరు ఎటు ఉందో కూడా కొలిచి, ఆ అంకె కొలతల పుస్తకంలో రాశాకే బిల్లు పాస్ చేయాలని ఉద్యాన శాఖను కోరుతున్నాం.

– కొందరు పాలీహౌస్ సాగుదారులు, చేవెళ్ల